నిండిన గొట్టం

బయట బోత్నియా సముద్రం గడ్డకట్టింది.
లోపల నీళ్లు ముప్పై డిగ్రీలు.
వాడేసిన ఇంధనం అడుగున
ఎవరో ఆర్పడం మరిచిపోయినట్టు నీలంగా వెలుగుతోంది.
నీళ్లు ఇంత తేటగా ఉండకూడదనిపిస్తుంది నాకు,
ఇరవై ఆరేళ్లుగా చూస్తున్నా.

రేపు టార్మో దిగాలి.
పక్క గుంటలో, బుట్టల్ని మోసే బండి పట్టాల మీద ఇరుక్కుంది.
నాలుగు బోల్టులు విప్పాలి, అంతే పని.
ఆ నాలుగు బోల్టుల కోసం
ఇవాళే నేను ఈ నీళ్లన్నీ చదవాలి.

బల్ల మీద రెండు మీటర్లు.
పిహ్లా కొత్తదాన్నే ఎత్తుకుంది.
బరువు లేదు, చిటికెలో అంకె చెబుతుంది, తెర మీద రంగులు.
కొనేటప్పుడు నేనూ దానికే చెయ్యెత్తాను, ఒప్పుకుంటాను.
అమ్మవచ్చినాయన బకెట్లో ముంచి చూపించాడు.
బకెట్లో ఏదైనా మునుగుతుంది.
అడగాల్సినవి ఆ రోజు అడగలేదు:
పన్నెండు మీటర్ల లోతున దాని రబ్బరు వలయం ఎంతసేపు ఓర్చుకుంటుంది?
రెండు జతల తొడుగులేసుకున్న వేలికి ఆ మీట దొరుకుతుందా?
కేబుల్ తుడిస్తే వదులుతుందా, పగుళ్లలో దాచుకుంటుందా?
అసలు ప్రశ్న,
మోయలేనంత మీద పడినప్పుడు
నువ్వు ఏమంటావు?

రెండోది అయాన్ చాంబరు, నాకంటే ముందు ఇక్కడ చేరింది.
ముల్లు బద్ధకంగా లేస్తుంది,
పిలిస్తే పలకడానికి ఆరు క్షణాలు.
"ఇది కూడానా?" అంది పిహ్లా.
అది కూడా.
పరీక్ష బిళ్ల దగ్గర రెండూ సరిగ్గానే పలికాయి.
రెండింటినీ ఒకే గడకి పక్కపక్కన కట్టి దింపాం,
మీటరుకో పసుపు పట్టీ లెక్కపెడుతూ.

నీళ్ల కింద దూరాలకి వేరే విలువ.
బారెడు అవతల మనిషి పని చేసుకోవచ్చు,
మూరెడులో గడియారం చూసుకోవాలి,
జానెడులో చెయ్యి పెట్టకూడదు.
నిన్నటి పటం నిన్నటిదే.
రాత్రి ఏ రేణువు ఎటు దొర్లిందో
ఎవరూ సంతకం పెట్టి చెప్పరు.

బండి ఎడమ చక్రం దగ్గర
కొత్తది తొంభై అంది. నాలుగు వందలు. తొమ్మిది వందలు.
తర్వాత నలభై.
తర్వాత పన్నెండు.
"దాటేశాం, ఇక్కడ శుభ్రం," అని పిహ్లా పెన్ను తీసింది.

నిండు కుండ తొణకదంటారు.
ఈ గొట్టమూ అంతే.
దెబ్బ మీద దెబ్బ, ఊపిరాడనంత పడితే
లెక్కపెట్టడం మానేస్తుంది,
మొహం మీద చిన్న అంకె పెట్టుకుని కూర్చుంటుంది.
వెలగాల్సిన ఎర్రదీపం వెలగలేదు.
ఎందుకో తర్వాత రాశాం, మూడు పేజీలు.

"ముసలిదాన్ని చూడు," అన్నాను.
ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు,
ఆరో క్షణానికి ముల్లు కుడి గోడకి ఆనుకుని వణుకుతోంది.
పిహ్లా పెన్ను మూత పెట్టలేకపోయింది,
మూడుసార్లు తప్పిపోయింది.

గోరంత ముక్క. పొడుగు పటకారుతో తీసేసరికి పొద్దుపోయింది.
టార్మో పైన రై రొట్టె తింటూ
"అయితే రేపు సెలవా?" అన్నాడు.
ఏమైందని అడగలేదు. అడిగే అలవాటు లేదు అతనికి,
నా మొహం చూస్తాడు, చాలు.

మూడో రోజు దిగాడు.
చెయ్యి చాచినంత ముందు ప్రోబు, దాని వెనక మనిషి.
నేను అంకెలు చెవిలో చదువుతున్నాను,
తను ఊపిరి పీల్చే చప్పుడు తిరిగొస్తోంది.
నాలుగు బోల్టులు. పంతొమ్మిది నిమిషాలు.

తర్వాత ఇద్దరం కేబుల్ పైకి లాగుతూ తుడిచాం.
పట్టీకో గుడ్డ, ప్రతి గుడ్డనీ మళ్లీ కొలిచి.
దీన్ని గురించి ఎవరూ ఏమీ రాయరు, నడుం మాత్రం పడిపోతుంది.

కొత్త మీటరు కోసం దరఖాస్తు నింపాను.
"కారణం" అన్న గడిలో రాశాను:
భరించలేనప్పుడు ఊరుకోకుండా అరిచేది కావాలి.
స్టోర్సు వాళ్లు తిప్పి పంపారు,
ఇది సాంకేతిక భాష కాదట.
మళ్లీ అదే రాసి పంపాను.